భర్త సీటు, తండ్రి పేరు: అలా వచ్చినవాళ్లు కూడా దారి వేసినవాళ్లేనా?

సందేహాలశర్మ:
అందరికీ నమస్కారం. చాలాకాలంగా బుర్ర తొలిచేస్తున్న సందేహం ఇది. తిట్టకుండా చివరిదాకా చదవండి.

ప్రపంచంలో తొలి మహిళా ప్రధాని ఎవరంటే సిరిమావో బండారనాయకే అని బడిపిల్లలు కూడా టక్కున చెప్పేస్తారు. 1960 జూలై, శ్రీలంక (అప్పటికింకా సిలోన్). సరే. కానీ ఆవిడ రాజకీయాల్లోకి వచ్చిందే భర్త సాలమన్ బండారనాయకే 1959 సెప్టెంబరులో హత్యకు గురయ్యాక. ప్రధాని అయ్యేనాటికి అభ్యర్థిగా ఒక్క ఎన్నికలోనూ నిలబడలేదు, సెనేట్ దారిలో పార్లమెంటులోకి వచ్చారు.

ఇందిర నెహ్రూ గారి కూతురు. బేనజీర్ జుల్ఫికర్ అలీ భుట్టో కూతురు. 1974లో అర్జెంటీనా అధ్యక్షురాలైన ఇసాబెల్ పెరోన్, భర్త పోతే ఆయన కుర్చీ ఎక్కారు. బ్రిటన్ కామన్స్ సభలో కూర్చున్న మొదటి మహిళ నాన్సీ ఆస్టర్ 1919లో గెలిచింది భర్త ఖాళీ చేసిన ప్లిమత్ సీట్లోనే. తండ్రి చనిపోవడంతో ఆయన ప్రభువుల సభకి వెళ్లాల్సి వచ్చింది, సీటు మాత్రం ఇల్లు దాటలేదు.

వీళ్ల తెలివితేటల్ని నేను తక్కువ చేయడం లేదు. నా ప్రశ్నల్లా ఒకటే: అడ్డుగోడ పగలగొట్టినవాళ్లు, గోడలో తమ ఇంటివాళ్లకి ముందే ఉన్న తలుపులోంచి వచ్చినవాళ్లు ఒకే జాబితాలో ఎలా ఉంటారు?

మిరపటపా:
తండ్రి సీటు కొడుక్కి వస్తే దాన్ని 'రాజకీయ వారసుడు' అని ముచ్చటగా రాస్తాం. కూతురికి వస్తే అర్హత గుర్తొస్తుంది. ఆ జల్లెడ మగవాళ్ల మీద కూడా ఒకసారి పట్టండి శర్మగారూ, ఎంతమంది మిగులుతారో చూద్దాం.

సందేహాలశర్మ:
అందరికీ పడదాం, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే మగ వారసుణ్ని ఎవరూ 'మార్గదర్శకుడు' అనడం లేదుగా? బిరుదు ఇస్తున్నాం కాబట్టే అడుగుతున్నా.

పాతపేజీ:
మంచి చర్చ. కాస్త వెనక్కి వెళ్దాం, లేకపోతే ఇది ఇద్దరు ముగ్గురు ప్రధానుల దగ్గరే తిరుగుతుంది.

ఓటు హక్కు, పోటీ చేసే హక్కు చాలా దేశాల్లో కలిసి రాలేదు. న్యూజిలాండ్‌లో ఆడవాళ్లకి ఓటు 1893లో వచ్చింది, దేశమంతటా అలా ఇచ్చిన మొదటి దేశం అదే. పోటీ చేసే హక్కు మాత్రం 1919 దాకా లేదు. ఒక మహిళ నిజంగా గెలిచింది 1933లో. అంటే ఓటేయడం మొదలుపెట్టిన 40 ఏళ్లకి! ఆస్ట్రేలియా ఇంకో రకం. 1902లోనే రెండు హక్కులూ ఇచ్చేశారు (ఆదివాసీ స్త్రీలలో చాలామందికి తప్ప, అది వేరే కథ). అయినా జాతీయ పార్లమెంటుకి మొదటి ఇద్దరు మహిళలు ఎన్నికైంది 1943లో. చట్టం దారి ఇచ్చినా పార్టీలు టికెట్ ఇవ్వలేదు, ఇచ్చినా గెలవని సీట్లు అంటగట్టాయి. ఫిన్లాండ్ ఒక్కటే దీనికి మినహాయింపులా కనిపిస్తుంది. 1906లో రెండు హక్కులూ ఒకేసారి ఇచ్చి, 1907 ఎన్నికల్లో 200 మంది సభలోకి 19 మంది మహిళల్ని పంపింది.

ఇప్పుడు శర్మగారి ప్రశ్నకి వస్తాను. న్యూజిలాండ్‌లో 1933లో గెలిచిన ఎలిజబెత్ మెక్‌కూంబ్స్ కూడా వితంతువే. భర్త జేమ్స్ చనిపోతే వచ్చిన ఉప ఎన్నికలో లిటిల్‌టన్ నుంచి గెలిచారు. మీ లెక్కలో ఆవిడ తలుపులోంచి వచ్చినట్టే. కానీ అంతకుముందు 1928లో, 1931లో వేరే సీట్లలో పోటీ చేసి ఓడిపోయిన మనిషి ఆవిడ. 1921 నుంచి క్రైస్ట్‌చర్చ్ నగర సభలో సభ్యురాలు. భర్త బొటాబొటీగా గెలిచిన సీట్లో ఆవిడకి వేల ఓట్ల మెజారిటీ వచ్చింది. పన్నెండేళ్లుగా పనిచేస్తున్న మనిషికి గెలిచే సీటు దొరకడానికి భర్త చనిపోవాల్సి వచ్చింది. దీన్ని వారసత్వం అనాలా, పార్టీల పిరికితనం అనాలా?

మిరపటపా:
పాతపేజీ గారూ, ఈ ఒక్క పోస్టుకి రెండు లైకులు కొట్టే సదుపాయం ఉంటే బాగుండేది.

గాలిపటం:
సొంతంగా వచ్చినవాళ్లు కావాలంటే జెనెట్ రాంకిన్ ఉన్నారు కదా. అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికైన మొదటి మహిళ, మోంటానా రాష్ట్రం, 1916. దేశమంతా మహిళలకి ఓటు వచ్చింది 1920లో. అంటే ఆవిడ సభలో కూర్చున్ననాటికి దేశంలో కోట్లమంది ఆడవాళ్లకి ఓటే లేదు.

1917 ఏప్రిల్‌లో ప్రమాణం చేసిన వారంలోపే మొదటి ప్రపంచయుద్ధంలో చేరాలా వద్దా అన్న ఓటింగ్ వచ్చింది. వద్దన్నారు. ప్రతినిధుల సభలో అలా వద్దన్నవాళ్లు 50 మంది. మిగతా 49 మంది మగవాళ్లు. వాళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు, ఈవిడ ఓటు మాత్రం 'ఆడవాళ్లు రాజకీయాలకి పనికిరారు' అనడానికి సాక్ష్యం అయిపోయింది.

మళ్లీ సభలోకి రావడానికి 20 ఏళ్లకు పైగా పట్టింది. 1940లో గెలిచారు. విధి వైపరీత్యం చూడండి, 1941 డిసెంబరు 8న జపాన్ మీద యుద్ధ తీర్మానం ఆవిడ ముందుకొచ్చింది. పెర్ల్ హార్బర్ దాడి జరిగిన మర్నాడు. 388 మంది అనుకూలం, వ్యతిరేకం ఒక్కరు. ఆ ఒక్కరూ ఈవిడే. ఓటింగ్ అయ్యాక జనం, విలేకరులు చుట్టుముడితే టెలిఫోన్ బూత్‌లో దూరి తలుపేసుకున్నారు. పోలీసులొచ్చి ఆఫీసు గదికి చేర్చాల్సి వచ్చింది.

ఆవిడ ఓటు సరైనదని నేననడం లేదు. పెర్ల్ హార్బర్ తర్వాత కూడా వద్దనడం నాకు మింగుడుపడదు. కానీ ఆ టెన్షన్‌లో, ఆ సభలో, ఒంటరిగా 'కాదు' అనడానికి గుండె కావాలి.

పాతపేజీ:
చిన్న చేర్పు. రాంకిన్ 1916 ప్రచారానికి డబ్బు పెట్టింది, నడిపించింది ఆవిడ తమ్ముడు వెల్లింగ్టన్. రిపబ్లికన్ పార్టీలో పలుకుబడి ఉన్న లాయరు. కుటుంబం దన్ను బొత్తిగా లేకుండా వచ్చినవాళ్లు కావాలంటే జాబితా చాలా చిన్నదైపోతుంది శర్మగారూ.

సందేహాలశర్మ:
తమ్ముడు డబ్బు పెట్టడానికీ, భర్త కుర్చీ దొరకడానికీ తేడా ఉంది. రాంకిన్ ఓట్లు తను అడిగి తెచ్చుకున్నారు. నా జాబితాలో ఆవిడ పైనే ఉంటారు.

నల్లకోటు:
అందరూ ఎన్నికల గురించే మాట్లాడుతున్నారు. ప్రభుత్వం అంటే ఉద్యోగులు కూడా. అక్కడ సీటు భర్త నుంచి రాదు, పరీక్ష రాయాలి. మరి అక్కడ గోడ లేదా? ఉంది. పైగా అచ్చు వేసి, నంబరు ఇచ్చి, రూల్స్ పుస్తకంలో పెట్టిన గోడ.

భారత విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ సి.బి. ముత్తమ్మ. 1949లో చేరారు. పెళ్లయితే ఉద్యోగం వదిలేస్తానని అప్పుడే హామీ రాయించుకున్నారు. తర్వాత 1961 నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం మహిళా అధికారి పెళ్లి చేసుకోవాలంటే ముందు ప్రభుత్వం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పెళ్లయ్యాక ఇంటి బాధ్యతలు పనికి అడ్డొస్తాయని ప్రభుత్వానికి అనిపిస్తే రాజీనామా చేయమనొచ్చు. పెళ్లయిన మహిళకి ఈ సర్వీసులో నియామకం హక్కుగా దక్కదు. మగ అధికారికి ఇవేవీ లేవు. అతనికి ఇల్లూ పిల్లలూ ఉండరు కాబోలు!

హంగరీలో రాయబారిగా పనిచేసిన మనిషిని పదోన్నతి దగ్గర పక్కన పెడితే ఆవిడ సుప్రీంకోర్టుకి వెళ్లారు. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం పదోన్నతి ఇచ్చేసింది. అలా ఇచ్చేస్తే కేసు సద్దుమణుగుతుందని లెక్క. నిజానికి పిటిషన్ కొట్టేశారు కూడా. కానీ 1979 తీర్పులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ నిబంధనల్ని ఏకిపారేశారు. సర్వీసు రూల్స్‌లో ఆడవాళ్ల పట్ల వివక్ష ఎక్కడెక్కడుందో వెతికి తీసేయమన్నారు. కాగితం మీద కేసు ఓడిపోయి, అసలు పని గెలవడం అంటే ఇదే. లా చదివే రోజుల్లో ఈ తీర్పు చదివి ఒకరోజంతా అదే మాట్లాడుకున్నాం.

అన్నా రాజం మల్హోత్రా సంగతీ అంతే. 1951 బ్యాచ్, స్వతంత్ర భారత తొలి మహిళా ఐఏఎస్ అధికారి. ఇంటర్వ్యూ బోర్డు ఆవిడకి విదేశాంగ సర్వీసు, కేంద్ర సర్వీసులు చూపించింది, ఆడవాళ్లకి అవే నప్పుతాయని. ఆవిడ వినలేదు. మద్రాసు క్యాడర్‌లో చేరాక ముఖ్యమంత్రి రాజాజీ కూడా ఫీల్డులో వేయడానికి తటపటాయించి సచివాలయంలో పని ఇస్తామన్నారు. దానికీ ఒప్పుకోలేదు, వాదించి హోసూరు సబ్ కలెక్టరుగా వెళ్లారు. ఆవిడ నియామక పత్రంలో కూడా పెళ్లి చేసుకుంటే ఉద్యోగం పోతుందనే షరతు ఉంది. తర్వాత ఆ రూలు మారింది.

మిరపటపా:
పెళ్లికి ప్రభుత్వ అనుమతి! ఆ దరఖాస్తుకి ఫారం ఉండేదా సార్, మూడు కాపీల్లో?

నల్లకోటు:
నవ్వుతున్నారు గానీ, దాని మీద నోట్ ఫైలు నడిపిన అధికారులు కూడా ఉండే ఉంటారు.

రేగుపండు:
దుర్గాబాయి గారి పేరు ఇంతసేపు ఎవరూ ఎత్తకపోవడం ఏంటండీ? మనవాళ్లని మనమే మర్చిపోతే ఎలా?

1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరు. వయసు 14 దాటి ఉండదు. టికెట్ లేకుండా వచ్చిన పెద్దమనిషిని ఆపేసింది. ఆయన జవహర్‌లాల్ నెహ్రూ. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి టికెట్ కొని చేతిలో పెడితేగానీ లోపలికి వదల్లేదు. ఈ కథ అందరూ చెబుతారు, చెప్పి అక్కడితో ఆపేస్తారు. నాకు అదే కోపం. ఆవిడ జీవితంలో ఇది అన్నిటికంటే చిన్న సంగతి.

ఎనిమిదేళ్లకే పెళ్లి చేస్తే పెద్దయ్యాక ఆ పెళ్లి వద్దనుకుని బయటికొచ్చేశారు. జైళ్లకి వెళ్లారు. ప్రైవేటుగా పరీక్షలు రాసి, లా పూర్తి చేసి ప్రాక్టీసు పెట్టారు. రాజ్యాంగ సభలో ఉన్న 15 మంది మహిళల్లో ఒకరు, సభ నడిపే అధ్యక్షుల ప్యానెల్‌లో ఏకైక మహిళ. మరి 1952 ఎన్నికల్లో? ఓడిపోయారు. తర్వాత ప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా, 1953లో మొదలైన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలిగా పనిచేశారు. చైనా వెళ్లి అక్కడి కోర్టులు చూసొచ్చి కుటుంబ వివాదాలకి వేరే కోర్టులుండాలని అప్పుడే చెప్పారు. ఆ చట్టం వచ్చింది 1984లో. అప్పటికి ఆవిడ లేరు.

అదే తొలి ఎన్నికల గురించి ఇంకో మాట. ఓటర్ల జాబితా తయారుచేయడానికి ఇంటికొచ్చిన మనిషికి తమ పేరు చెప్పని ఆడవాళ్లు లక్షల్లో ఉన్నారు. 'ఫలానా ఆయన భార్య', 'ఫలానా ఆయన కూతురు' అని రాయించుకున్నారు. అలా కుదరదని ఎన్నికల సంఘం పట్టుబట్టింది. చివరికి సుమారు 28 లక్షల మంది పేర్లు జాబితాలోంచి తీసేశారు. ఓటుందిగానీ ఓటేయడానికి పేరు లేదు. దుర్గాబాయి నిలబడి ఓడిపోయిన ఎన్నిక అది.

సందేహాలశర్మ:
ఈ 28 లక్షల సంగతి నాకు కొత్త. థాంక్స్ అండీ.

వేదిక నిర్వాహకుడు:
ఇప్పటి నాయకుల మీద వచ్చిన రెండు పోస్టులు తొలగించాను. నేటి పార్టీల గొడవకి వేరే విభాగం ఉంది. చర్చ బాగుంది, ఇలాగే సాగనివ్వండి.

బల్లగుద్ది:
అందరూ ఒక్కొక్కరి వీరగాథలు చెబుతున్నారు. నేను అడ్డంగా ఒకటి అడుగుతా. రిజర్వేషన్‌తో గెలిచినవాళ్ల మాటేంటి? 73వ సవరణ వచ్చాక పంచాయతీల్లో మూడో వంతు సీట్లు మహిళలవి, చాలా రాష్ట్రాల్లో ఇప్పుడు సగం. పోటీలో మగవాడే లేడు. దాన్ని గోడ పగలగొట్టడం అంటారా? పైగా పెత్తనమంతా భర్తదే. బోర్డు మీద పేరు ఆవిడది, కుర్చీలో ఆయన.

రేగుపండు:
బల్లగుద్ది గారూ, మీరు చెప్పింది అబద్ధం కాదు. పంచాయతీ వ్యవహారాలు దగ్గరుండి చూసిన ఉద్యోగం నాది. మొదటి సమావేశానికి సర్పంచ్ గారి భర్త ఫైలు పట్టుకొచ్చి ముందు వరుసలో కూర్చునేవాడు, ఆవిడ తలుపు పక్కన నిలబడేది. సంతకం ఎక్కడ పెట్టాలో ఆయన వేలితో చూపించేవాడు.

కానీ నేను చూసింది అక్కడితో అయిపోలేదు. ఒకావిడ కొన్నాళ్లకి చెక్కు మీద సంతకం పెట్టే ముందు 'ఇది ఏ పనికి?' అని అడగడం మొదలుపెట్టింది. మొదట భర్తని అడిగింది, ఆయన విసుక్కున్నాడు. తర్వాత నన్ను అడిగింది. ఇంకొన్నాళ్లకి బిల్లు చూపిస్తేగానీ సంతకం పెట్టనంది. కాంట్రాక్టరు ముఖం చూడాలి మీరు! అందరూ అలా మారలేదు, చాలామంది మారలేదు కూడా. అయినా ఆ సీటు రిజర్వు కాకపోతే ఆవిడకి ఆ చెక్కు ఎన్నటికీ కనబడేది కాదు.

పాతపేజీ:
దీని మీద మంచి అధ్యయనం ఉంది. ఆర్థికవేత్తలు రాఘవేంద్ర చట్టోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో కలిసి పశ్చిమ బెంగాల్‌లో బీర్భూమ్, రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ జిల్లాల పంచాయతీలు పరిశీలించారు, 2004లో అచ్చయింది. ఏ పంచాయతీ ఎప్పుడు రిజర్వు అవుతుందో ఎవరి ఇష్టం మీదా ఆధారపడదు కాబట్టి పోల్చడానికి వీలు కుదిరింది. మహిళలు అధ్యక్షులుగా ఉన్నచోట తాగునీటి పనుల మీద ఖర్చు ఎక్కువ. గ్రామాల్లో ఆడవాళ్లు ఎక్కువగా ఫిర్యాదు చేసేది కూడా నీళ్ల గురించే. ఆ తర్వాతి పరిశీలనల్లో ఇంకో విషయం తేలింది: వరసగా రెండుసార్లు మహిళకి రిజర్వు అయిన చోట, రిజర్వేషన్ తీసేశాక కూడా మహిళలు పోటీ చేయడం, గెలవడం పెరిగింది.

రువాండా కూడా చూడండి. 2003 రాజ్యాంగంలో కనీసం 30 శాతం అని పెట్టారు. 2008లో సగం దాటిపోయారు, ప్రపంచంలో అలా దాటిన మొదటి పార్లమెంటు అదే. అక్కడ ప్రభుత్వాన్ని ఎదిరించి మాట్లాడే వీలు ఎంతుందన్నది వేరే ప్రశ్న, అంకె చూసి మురిసిపోనక్కర్లేదు.

బల్లగుద్ది:
నీళ్ల ఖర్చు సంగతి ఒప్పుకుంటా. మార్గదర్శకులు అన్న మాటకి ఇంకా ఒప్పుకోను.

నల్లకోటు:
ఇంకో గోడ గురించి ఎవరూ అనలేదు. శాఖలు. మహిళని మంత్రిని చేస్తారు, చేసి సంక్షేమమో పిల్లలో చేతిలో పెడతారు. అందుకే నాకు ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అంటే ప్రత్యేకమైన గౌరవం. అమెరికా మంత్రివర్గంలో మొదటి మహిళ, అదీ కార్మిక శాఖ, 1933 నుంచి 1945 దాకా.

ఆవిడ కథ మొదలయ్యేది 1911 మార్చి 25న. న్యూయార్క్‌లో స్నేహితురాలి ఇంట్లో టీ తాగుతుంటే ఫైరింజన్ల చప్పుడు. పరుగెత్తుకెళ్లి చూస్తే ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ పై అంతస్తులు తగలబడుతున్నాయి. బయటికి పోయే తలుపుకి తాళం. కుట్టుపని చేసే అమ్మాయిలు కిటికీల్లోంచి దూకేస్తున్నారు. 146 మంది చనిపోయారు. ఆ తర్వాత ఫ్యాక్టరీల తనిఖీలు, భద్రతా చట్టాల పనిలో పడ్డారు. 22 ఏళ్ల తర్వాత రూజ్‌వెల్ట్ మంత్రి పదవి ఇస్తానంటే వెంటనే సరే అనలేదు. కనీస వేతనం, పని గంటల పరిమితి, నిరుద్యోగ భృతి, వృద్ధాప్య పింఛను, బాలకార్మిక నిషేధం అని జాబితా చదివి, వీటికి ఒప్పుకుంటేనే వస్తానన్నారు. 1935 సామాజిక భద్రత చట్టం, 1938 వేతనాల చట్టం ఆ జాబితాలోవే. పదవి వచ్చాక ఏం చేయాలో ఆలోచించిన మనిషి కాదు.

మన దగ్గర టి.ఎన్. సదాలక్ష్మి గారు దేవాదాయ శాఖ మంత్రిగా చేశారు. దళిత మహిళ, గుళ్ల మీద అధికారం! ఆ రోజుల్లో ఆ శాఖ ఆవిడ చేతికి రావడం ఎంతమందికి మింగుడుపడలేదో ఊహించుకోండి.

గాలిపటం:
అమెరికా ప్రతినిధుల సభ హాలు పక్కన మహిళా సభ్యులకి బాత్రూమ్ కట్టింది 2011లోనట. మగవాళ్లది ఎప్పట్నుంచో ఆనుకునే ఉంది. ఓటింగ్ మధ్యలో వెళ్లి రావాలంటే ఆడవాళ్లకి సగం భవనం దాటాల్సి వచ్చేది. రాంకిన్ వచ్చిన 94 ఏళ్లకి!

మిరపటపా:
షర్లీ చిషోమ్ కూడా ఉన్నారు. అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ, 1968. బ్రూక్లిన్ నుంచి గెలిచిన మనిషిని వ్యవసాయ కమిటీలో వేశారు! నగరం నడిబొడ్డున ఏం పండిస్తారని? కొత్త సభ్యులు ఇచ్చింది పుచ్చుకుని నోరు మూసుకోవడం ఆనవాయితీ. ఆవిడ లేచి గొడవ చేసి మార్పించుకున్నారు. 1972లో అధ్యక్ష పదవికి పార్టీ టికెట్ కోసం నిలబడ్డారు. నల్లజాతి మనిషిగా కంటే ఆడమనిషిగానే తనకి ఎక్కువ అడ్డంకులు ఎదురయ్యాయని చెప్పేవారు. శర్మగారి పరీక్షలో నూటికి నూరు.

పాతపేజీ:
సిరిమావో దగ్గరికే మళ్లీ వస్తాను, చర్చ మొదలైంది అక్కడే కాబట్టి. భర్త సీటు అన్న సంగతి కంటే తర్వాత ఏం జరిగిందన్నది నాకు ముఖ్యం. 1962లో సైనికాధికారులు కుట్ర చేస్తే నిలబడ్డారు. 1964లో శాస్త్రిగారితో ఒప్పందం, భారత సంతతి తోటకూలీల పౌరసత్వం మీద. 1965లో ఓడిపోయారు, 1970లో మళ్లీ గెలిచారు. సానుభూతి ఓటు అన్ని సార్లు పనిచేయదు. అలాగని ఆవిడ పాలన మంచిదని కాదు. సింహళాన్ని పాలనా భాషగా అమలు చేసిన తీరు తమిళుల్ని ఎంత దూరం చేసిందో ఆ దేశం తర్వాత అనుభవించింది. దారి వేయడం, మంచి పాలన చేయడం వేరువేరు సంగతులు. ఇందిర విషయంలోనూ అంతే. 'మూగబొమ్మ' అనుకుని కుర్చీ ఎక్కించినవాళ్లని మూడేళ్లలో పక్కకి నెట్టేశారు, ఆవిడే 1975లో ఎమర్జెన్సీ పెట్టారు.

సందేహాలశర్మ:
సరే, ఇలా అంటాను. ఎలా వచ్చారన్నది ఒక గడి, వచ్చాక సొంతంగా ఒక ఎన్నిక గెలిచారా లేదా అన్నది ఇంకో గడి. సిరిమావో, ఇందిర, మెక్‌కూంబ్స్ ఉంటారు. ఇసాబెల్ పెరోన్‌ని తీసేస్తున్నా: భర్త పక్కన ఉపాధ్యక్షురాలిగా గెలిచారు, 1976లో సైన్యం దించేసింది, సొంతంగా గెలిచింది లేదు. నాన్సీ ఆస్టర్ ఆ తర్వాత 1945 దాకా వరసగా గెలిచారు కాబట్టి ఆవిడా ఉంటారు. ముత్తమ్మ, అన్నా రాజం, పెర్కిన్స్ లాంటివాళ్లకి ఈ గడి వర్తించదు, వాళ్లకి వేరే జాబితా. ఎవరికైనా అభ్యంతరమా?

బల్లగుద్ది:
నాకుంది. మీ గడి ప్రకారం 1952లో ఓడిపోయిన దుర్గాబాయి ఎక్కడుంటారు?

రేగుపండు:
హమ్మయ్య, బల్లగుద్ది గారు మొదటిసారి నా వైపు మాట్లాడారు. శర్మగారూ, జవాబు చెప్పండి.